"గెట్" అంటే "పొందు" అని బట్టీ పడితే ఎక్కడా ఎందుకు అతకదు?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. తిరుపతిలో ఒక హోటల్ రిసెప్షన్‌లో చేరి ఆర్నెల్లయింది, ఇంటర్ దాకా చదివింది తెలుగు మీడియంలో. ఇంగ్లీషు మాట్లాడే గెస్టులు దిగినప్పుడల్లా "గెట్" అనే మాట దగ్గర ఆగిపోతున్నారు. డిక్షనరీలో "పొందు" అని ఉంది గానీ, వాళ్ళనే "గెట్ అప్", "గాట్ ఇట్", "గెటింగ్ లేట్", "గెట్ లాస్ట్" వేటిలోనూ ఆ "పొందు" పొందికగా కుదరడం లేదు. పైగా బస్సు దిగమనడానికి మీరు "గెట్ డౌన్" అంటే ఒక గెస్టు నవ్వి "గెట్ ఆఫ్" అన్నాడు, మీ మేనేజరేమో "గెట్ డౌనే కరెక్టు" అంటున్నాడు. ఇంకొకాయన "గాటెన్" అన్నాడు, అసలు అదొక మాటేనా అని చివర్లో అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను, తర్వాత కథలు. తెలుగులో మీరు "నాకు ఫలానాది వచ్చింది, దొరికింది, అర్థమైంది" అని ఎక్కడంటారో, ఇంగ్లీషు వాళ్ళు అక్కడ చాలాసార్లు "ఐ గాట్" అంటారు. దీంతోనే సగం పైగా తేలిపోతుంది. మిగిలిన సగంలో పెద్ద ముక్క మన "చేయించు". ఆ తర్వాత మిగిలేది చిల్లర. అది వాడగా వాడగా దానంతటదే నోటికొస్తుంది, పట్టీలు రాసుకోనక్కర్లేదు.

నేను తిరుపతిలో సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాను, ఇరవై రెండేళ్ళయింది. మేడ మీద రెండు గదులు, ఒక బోర్డు, ఎండాకాలంలో తిరగని ఒక ఫ్యాను. వచ్చేవాళ్ళలో బ్యాంకు పరీక్షల పిల్లలు కొందరుంటారు గానీ ఎక్కువ మంది లాడ్జీ కుర్రాళ్ళు, టాక్సీ డ్రైవర్లు, నర్సింగ్ చదివి బయటి దేశాలకు పోదామనుకునే అమ్మాయిలు. మొదటి ఏడాది నేను కూడా మీ డిక్షనరీ లాగే చెప్పాను. బోర్డు మీద "గెట్" రాసి, దాని కింద ఇరవై ఏడు అర్థాలు నెంబర్లేసి రాశాను. పీలేరు నుంచి వచ్చే డ్రైవరొకాయన చివరి బెంచీలో లేచి, "సార్, ఇన్నీ ఎతుక్కోని నేను నోరు తెరిచేలోగా బండి రేణిగుంట దాటిపోతాది" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఆ రాత్రి ఆ ఇరవై ఏడూ ముందేసుకుని కూర్చుంటే, వాటిలో పదమూడో పద్నాలుగో తెలుగులో "నాకు" అని మొదలయ్యే వాక్యాలేనని కనబడింది.

మన భాషలో వచ్చేది వస్తువు. జీతం వస్తుంది, జ్వరం వస్తుంది, కోపం వస్తుంది, ఉద్యోగం వస్తుంది, ఫోన్ వస్తుంది. మనిషి అరుగు మీద కూర్చునే ఉంటాడు, అన్నీ ఆయన గడప దగ్గరికే నడిచొస్తాయి. అందుకే "నాకు". ఇంగ్లీషులో ఆ మర్యాద లేదు. అక్కడ మనిషే కర్త, మనిషే లేచి అందుకోవాలి. అందుకే మన పిల్లలు "శాలరీ కేమ్ టు మీ" అంటారు. మాట మాటకీ తెలుగే అది, ఇంగ్లీషు బట్టలు తొడుక్కుంది. అనాల్సింది "ఐ గాట్ మై శాలరీ". తొంభై మార్కులొచ్చాయి అంటే "నైంటీ మార్క్స్ కేమ్ ఫర్ మీ" కాదు, "ఐ గాట్ నైంటీ మార్క్స్". ఇంటి నుంచి ఫోనొచ్చింది అంటే "ఐ గాట్ ఎ కాల్ ఫ్రమ్ హోమ్". సీటు దొరికింది, "ఐ గాట్ ఎ సీట్". జలుబు చేసింది, "ఐ గాట్ ఎ కోల్డ్". కోపమొచ్చింది, "ఐ గాట్ యాంగ్రీ". అర్థమైంది, "గాట్ ఇట్". దెబ్బ తగిలింది, "ఐ గాట్ హర్ట్". వీటిలో ఏదీ కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. మీ నోట్లో "నాకు" పుట్టగానే "ఐ గాట్" గుర్తు చేసుకుంటే చాలు.

అన్నిచోట్లా కుదురుతుందా అంటే కుదరదు. "నాకు తెలుగు వచ్చు" అన్నది "ఐ నో తెలుగు" మాత్రమే. అక్కడ "వచ్చు" అంటే తెలియడం, చేరడం కాదు. "నాకు గుర్తొచ్చింది" అంటే "ఐ రిమెంబర్డ్". "నాకు నవ్వొచ్చింది" దగ్గర "ఐ గాట్ లాఫ్" అని ఒక అమ్మాయి రాసింది, పాపం దానికి నవ్వొచ్చింది మాకే. "నాకు డౌటొచ్చింది" అన్నది మరీ చిత్రం. మన క్లాసుల్లో "ఐ గాట్ ఎ డౌట్" అని చెయ్యెత్తుతారు, మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. కానీ బయటివాళ్ళకి డౌట్ అంటే అపనమ్మకం. మీరు చెప్పింది నిజమో కాదో అని అనుమానిస్తున్నట్టు వినిపిస్తుంది. గెస్టు ముందు "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అనండి.

ఇక్కడే మీ పనికి సూటిగా తగిలే ముక్క ఒకటుంది. బ్రిటన్ నుంచి వచ్చిన గెస్టు కౌంటర్ దగ్గర నిలబడి "హ్యావ్ యు గాట్ ఎ రూమ్ ఫర్ టునైట్?" అంటాడు. "గాట్" వినబడగానే మన చెవి దాన్ని జరిగిపోయిన కాలంగా పట్టుకుంటుంది, రూము దొరికిందా అని అడుగుతున్నాడనుకుంటాం. ఒక కుర్రాడు ఇలాగే "నో సార్, ఐ స్టే ఇన్ మై ఓన్ హౌస్" అన్నాడు. "హ్యావ్ గాట్" అంటే గతం కాదు, "ఉంది" అని మాత్రమే. "రూముందా?" అంతే. "ఐ హ్యావ్ గాట్ టూ కిడ్స్" అంటే ఇద్దరు పిల్లలున్నారు. దాని పక్కన "టు" వచ్చి క్రియ తగిలిందా, "ఐ హ్యావ్ గాట్ టు గో", అప్పుడు "వెళ్ళాలి". సినిమాల్లో "గాట్టా" అని వినబడేది ఇదే.

ఇంకో చిన్న సంగతి, వినడానికి. అమెరికా వాళ్ళ నోట్లో రెండు అచ్చుల మధ్య "ట" మెత్తబడిపోతుంది. "గాట్ ఇట్" అన్నది "గాడిట్" లాగా, "గెట్ అప్" అన్నది "గెడప్" లాగా వినబడుతుంది. మాట తెలియక కాదు, చాలాసార్లు శబ్దం పోల్చుకోలేక ఆగిపోతాం.

ఇక "అవు", "పడు" సంగతి. చీకటి పడుతోంది, "ఇట్స్ గెటింగ్ డార్క్". ఆలస్యమవుతోంది, "ఇట్స్ గెటింగ్ లేట్". అలవాటు పడ్డాను, "ఐ గాట్ యూజ్డ్ టు ఇట్". భయపడింది, "షి గాట్ స్కేర్డ్". తడిసిపోయాం, "వి గాట్ వెట్". ముందు ఒక స్థితి, ఇప్పుడు ఇంకో స్థితి, ఆ గడప దాటడమే "గెట్". గడప దాటేశాక లోపల కూర్చున్నప్పుడు "గెట్" పని లేదు, "యామ్", "ఈజ్" చాలు. "ఐ యామ్ హంగ్రీ" అంటే ఆకలిగా ఉంది. "ఐ యామ్ గెటింగ్ హంగ్రీ" అంటే ఆకలి మొదలవుతోంది, భోజనం ఎక్కడో చూడండి అని. ఈ రెండో మాట గెస్టు అన్నాడంటే ఇంకో పది నిమిషాల్లో మీకు మెనూ కార్డు పని పడుతుంది.

"గెట్ లాస్ట్" కూడా ఈ ఇంట్లోదే. "లాస్ట్" అంటే దారి తప్పిన స్థితి. మన సినిమాల పుణ్యమా అని అది తిట్టుగానే స్థిరపడిపోయింది. ఎదుటి మనిషి ముఖం మీద "గెట్ లాస్ట్!" అంటే తిట్టే, పో అవతలికి అని. "మై సన్ గాట్ లాస్ట్" అన్నది మాత్రం తిట్టు కాదు, పాపం పిల్లవాడు తప్పిపోయాడని ఏడుపు. నా దగ్గర చదివిన ఒక లాడ్జీ కుర్రాడు బెంగుళూరు నుంచి వచ్చిన ఒక తల్లి కొడుకు కనబడక కంగారుపడుతుంటే, కంట్రోల్ రూమువాళ్ళకి ఫోన్‌లో చెప్పడానికి జంకాడు. నోటికి "గాట్ లాస్ట్" వచ్చింది, ఆ మాట పోలీసాయనతో అంటే ఏమవుతుందో అని మింగేశాడు. చివరికి "చైల్డ్ ఈజ్ నాట్ దేర్" అన్నాడట. అవతలాయన "ఎక్కడ లేడు?" అన్నాడు. ఆ పిల్లవాడు పక్క సందులో బొమ్మల అంగడి ముందు నిలబడి ఉన్నాడు, అది వేరే కథ.

ఇన్ని పనులు ఒక్క మాట ఎలా చేస్తుంది? మన "పట్టు" ఎలా చేస్తుందో అలాగే. ఒకసారి లెక్కపెట్టండి. బస్సు పట్టుకుంటాం, చేప పట్టుకుంటాం, నిద్ర పడుతుంది, చెమట పడుతుంది, ఇనుముకి తుప్పు పడుతుంది, కొండెక్కడానికి గంట పడుతుంది, గదిలో నలుగురు పడతారు, పిల్లవాడు పంతం పడతాడు, మెళకువ పట్టుబడుతుంది. ఇందులో పట్టు ఎంత, పడు ఎంత అని వ్యాకరణం మాస్టార్లు విడదీస్తారు గానీ మనం మాట్లాడేటప్పుడు అదేం చూడం. నాకెవరూ చిన్నప్పుడు "పట్టు, ఇరవై అర్థాలు" అని బెత్తం పట్టుకుని చెప్పలేదు. మీకూ చెప్పి ఉండరు.

ఈ పోలిక నేను ఊరికే తేలేదు. "గెట్" అసలు ఇంగ్లీషు వాళ్ళ ఇంటి మాట కాదు. 9, 10 శతాబ్దాల్లో ఇంగ్లండు ఉత్తరాన, తూర్పున వచ్చి స్థిరపడిన వైకింగులు తెచ్చిన స్కాండినేవియా భాషలోది, అక్కడ దాని రూపం "గెటా". "టేక్", "ఎగ్", చివరికి "దే" కూడా ఆ సరుకే. మన చిత్తూరు తెలుగులో అరవం కలిసినట్టు కలిసిపోయాయి. ఆ "గెటా" ఇంకా వెనక్కి పోతే పట్టుకోవడం, చేజిక్కించుకోవడం అనే అర్థమున్న మూలానికి చేరుతుంది. లాటిన్ వైపు నుంచి వచ్చిన "కాంప్రహెండ్" కూడా ఆ మూలం నుంచే, దానర్థం అర్థం చేసుకోవడం. మనం "గ్రహించు" అంటాం చూడండి, గ్రహించడమంటే పట్టుకోవడమే గదా. కాబట్టి "గాట్ ఇట్" అంటే అర్థమైందని ఎందుకు వచ్చిందో మనకి ఆశ్చర్యమక్కర్లేదు. "ఫర్గెట్"లో ఉన్నదీ ఈ "గెట్" చుట్టమే: పట్టు తప్పిపోవడం, అదే మరుపు.

ఇప్పుడు "చేయించు". ఇది తెలుగు వాళ్ళకి వరం, అయినా ఎవరూ వాడుకోరు.

ఒక కుర్రాడు, గాంధీరోడ్డు వైపు ఒక లాడ్జీలో నైట్ డ్యూటీ. రాత్రి పది దాటాక మూడో అంతస్తు నుంచి ఒక ముసలాయన ఫోన్ చేసి "కుడ్ యు గెట్ సమ్‌వన్ టు లుక్ ఎట్ ద గీజర్?" అన్నాడు. మనవాడికి "లుక్", "గీజర్" వినబడ్డాయి. మెట్లెక్కి పోయాడు. తలుపు కొట్టాడు. బాత్రూములోకి పోయి, చేతులు వెనక్కి కట్టుకుని, గీజర్‌ని శ్రద్ధగా చూశాడు. "ఓకే సార్" అని కిందికొచ్చేశాడు. ఇరవై నిమిషాలకి మళ్ళీ ఫోన్. మళ్ళీ పోయి చూశాడు. తెల్లారి నాతో "చూడమన్నాడు సార్, రెండుసార్లు చూసినా, అయినా కోపం జేసుకున్యాడు" అని వాపోయాడు. ఆ ముసలాయన అన్నది ఎవరినైనా పిలిచి చూపించమని.

చూపించు, చేయించు, పిలిపించు, తెప్పించు. ఆ "ఇంచు" ఉంది చూశారా, అదే ఇక్కడ "గెట్". రెండు పద్ధతులున్నాయి. మనిషిని ముందు చెబితే తర్వాత "టు" రావాలి: "ఐ విల్ గెట్ ద ఎలక్ట్రీషియన్ టు చెక్ ఇట్", ఎలక్ట్రీషియన్‌తో చూపిస్తాను. వస్తువుని ముందు చెబితే "టు" వద్దు, క్రియ మూడో రూపం వెయ్యాలి: "ఐ విల్ గెట్ ఇట్ ఫిక్స్‌డ్", బాగు చేయిస్తాను. "ఐ విల్ గెట్ ద రూమ్ క్లీన్డ్", రూము శుభ్రం చేయిస్తాను. మీ కౌంటర్‌లో రోజుకి పదిసార్లు అవసరమయ్యే వాక్యాలివి. "ఐ విల్ క్లీన్ ద రూమ్" అంటే చీపురు పట్టుకుని మీరే వస్తారని గెస్టు అనుకుంటాడు.

ఎవరినైనా బతిమాలో, నచ్చజెప్పో చేయిస్తే "గెట్". బలవంతంగా చేయిస్తే "మేక్", అప్పుడు "టు" ఉండదు: "హి మేడ్ మి వెయిట్". ఈ తేడా పరీక్షల్లో అడుగుతారు గనక చెబుతున్నాను, కౌంటర్ దగ్గర ఎవరూ పట్టించుకోరు.

తిరుమలలో ఇంకా బాగా తెలుస్తుంది. కల్యాణకట్టలో మనం గుండు చేయించుకుంటాం. నా దగ్గర చదివిన ఒక డ్రైవరు, కొత్తగా గుండుతో బండెక్కాడు. వెనక సీట్లో ఆస్ట్రేలియా దంపతులు. ఆమె ఊరికే మాట కలిపింది. ఈయన గర్వంగా "ఐ షేవ్డ్ మై హెడ్ ఇన్ తిరుమల" అన్నాడు. ఆమె ముఖంలో ఎంతో మెచ్చుకోలు: నీకు నువ్వే చేసుకున్నావా, వెనక వైపు ఎలా అందింది, అద్దం పెట్టుకున్నావా అని ఒకటే ప్రశ్నలు. ఈయనకి ఆ అద్దం గొడవేమిటో శ్రీకాళహస్తి చేరేదాకా అర్థం కాలేదు. "ఐ షేవ్డ్" అంటే కత్తి నా చేతిలోనే ఉందని. "ఐ గాట్ మై హెడ్ షేవ్డ్" అంటే చేయించుకున్నానని. క్షవరానికీ ఇంతే: "ఐ గాట్ ఎ హెయిర్‌కట్". తెలుగులో "చేయించుకున్నాను" అని ఎంచక్కా "ఇంచు" పెట్టి అంటాం, ఇంగ్లీషులోకి రాగానే దాన్ని ఎక్కడో పారేసుకుంటాం.

కొండ మీది మాట ఇంకొకటి. "దర్శనం దొరికింది" అంటాం. "వి గాట్ దర్శన్" అని పోలికతో చెప్పినా తప్పులేదు. కానీ ఎక్కువ అందమైన మాట "గెట్ టు". "వి గాట్ టు సీ ద లార్డ్ ఫర్ టూ సెకండ్స్" అంటే చూసే భాగ్యం దక్కింది, రెండు సెకన్లే అయినా. ఆ "గాట్ టు"లో భాగ్యం ఉంది. ఇందాకటి "హ్యావ్ గాట్ టు"లో బాధ్యత ఉంది. ఒక్క "హ్యావ్" తేడాతో దక్కడం కాస్తా తప్పకపోవడం అవుతుంది. మాటల్లో ఆ "హ్యావ్"ని "వ్" అని మింగేస్తారు గనక, వింటున్నప్పుడు సందర్భం చూసుకోవాల్సిందే. "గెట్ టు" తర్వాత క్రియ కాకుండా ఊరు పేరొస్తే అది చేరుకోవడం: "హౌ డు ఐ గెట్ టు కాణిపాకం?" అంటే ఎలా వెళ్ళాలి అని. ఇది మీరు వింటూనే ఉంటారు.

"కుడ్ యు గెట్ మి ఎ టవల్?" అంటే తెచ్చివ్వమని. "బ్రింగ్" కీ దీనికీ తేడా ఏమిటంటే "గెట్"లో పోయి రావడం రెండూ ఉంటాయి. పోయి తేవాలి. ఫోన్ మోగితే "ఐ విల్ గెట్ ఇట్" అంటారు, నేను ఎత్తుతానని. రెస్టారెంటులో బిల్లు రాగానే ఒకాయన చెయ్యేసి "ఐ విల్ గెట్ దిస్" అంటాడు, నేను కడతానని. మీ వెయిటర్లకి ఈ చివరిది చెప్పి పెట్టండి. ఆ మాట విని ప్లేటు ప్యాక్ చేసి తెచ్చినవాళ్ళు ఉన్నారు.

గెస్టు చెప్పింది వినబడకపోతే మనవాళ్ళు "ఐ డిడ్న్ట్ గెట్ యు" అంటారు. కాల్ సెంటర్ల నుంచి ఇంటింటికీ పాకిన మాట. మనలో మనకి పర్వాలేదు. బయటివాళ్ళకి అది "నువ్వో అర్థం కాని మనిషివి" అన్నట్టు కాస్త గుచ్చుకోవచ్చు. "సారీ, ఐ డిడ్న్ట్ గెట్ దట్" అనండి. మనిషి స్థానంలో మాట వచ్చింది, గొడవ పోయింది. అలాగే "ఐ విల్ గెట్ బ్యాక్ టు యు" అని గెస్టు అన్నాడంటే మళ్ళీ కౌంటర్ దగ్గరికి వస్తాడని కుర్చీ వేసి ఎదురుచూడకండి. కనుక్కుని చెబుతానని మాత్రమే దానర్థం, ఒక్కోసారి అది కూడా కాదు.

మిగతా చిల్లర తొందరగా. "వేక్ అప్" అంటే మెలకువ రావడం, "గెట్ అప్" అంటే మంచం దిగి లేవడం. ఇది మనకి సులువు, ఎందుకంటే మెలకువ వచ్చినా లేవని వాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. "గెట్ ఓవర్" అంటే కోలుకోవడం, "గెట్ బై" అంటే ఎలాగో నెట్టుకురావడం, "గెట్ రిడ్ ఆఫ్" అంటే వదిలించుకోవడం, "గెట్ అలాంగ్" అంటే పొసగడం, "గెట్ త్రూ" అంటే ఫోన్ కలవడం. "గెట్ మ్యారీడ్" పక్కన "విత్" వద్దు, "టు" వెయ్యాలి. "గెటప్" అన్న మాట మనకి ఇంటి మాటే అయిపోయింది గానీ, వేషం అనే ఆ అర్థం ఇంగ్లీషులోనూ ఉంది, మనం కల్పించింది కాదు. గంగజాతరలో దొర వేషం కట్టినవాణ్ణి చూపించి "దొర గెటప్ అదిరిందబ్బా" అంటే ఇంగ్లీషువాడికి సగం అర్థమవుతుంది.

ఇక మీ "గెట్ డౌన్" తగాదా. మేనేజరు కూడా పూర్తిగా తప్పు కాదు, అందుకే దీన్ని వివరంగా చెబుతాను. మనకి "దిగు" ఒక్కటే మాట. బస్సు దిగుతాం, మెట్లు దిగుతాం, చెట్టు దిగుతాం, బావిలోకి దిగుతాం, హోటల్లో దిగుతాం. తమిళం వాళ్ళకీ ఇలాగే ఒకటే. అందుకే దక్షిణాదిలో "గెట్ డౌన్" పాతుకుపోయింది. కండక్టర్లు, మాస్టార్లు, అందరూ అంటారు, అందరికీ తెలుస్తుంది. బయటి ఇంగ్లీషులో మాత్రం బస్సు, రైలు, విమానం అయితే "గెట్ ఆఫ్". కారు, ఆటో అయితే "గెట్ ఔట్ ఆఫ్". ఎక్కడానికి "గెట్ ఆన్", "గెట్ ఇన్". లోపల నిలబడి నడవగలిగే బండి అయితే "ఆన్", వంగి దూరి కూర్చోవాల్సిందైతే "ఇన్" అని నేను గుర్తు చెబుతుంటాను. బైకు, గుర్రం మాత్రం పైకెక్కి కూర్చునేవి గనక "ఆన్".

"గెట్ డౌన్" వాళ్ళకి కిందికి వంగు, నేల మీదికి ఒరుగు అని వినిపిస్తుంది, ముఖ్యంగా గట్టిగా అరిస్తే. అలిపిరి చెకింగ్ దగ్గర అందరూ సామాన్లతో దిగి నడవాలి గదా. నా దగ్గర చదివిన డ్రైవరొకాయన అక్కడ బండాపి, వెనక వరుస బండ్లు హారన్లు కొడుతుంటే తొందరలో "గెట్ డౌన్! గెట్ డౌన్!" అని అరిచాడు. బండిలో ఉన్న విదేశీ జంట తల రెండు చేతులతో కప్పుకుని సీట్ల మధ్య కూలబడ్డారట. అక్కడ యూనిఫారాలు, స్కానర్లు కూడా కనబడుతుంటే వాళ్ళు ఏమనుకున్నారో మనం ఊహించుకోవచ్చు. ఆయన ఇప్పుడు మెల్లగా, చేత్తో తలుపు చూపిస్తూ "ప్లీజ్ గెట్ ఔట్ హియర్, విత్ యువర్ బ్యాగ్స్" అంటాడు. "ప్లీజ్", "హియర్" మరిచిపోయి ఉత్త "గెట్ ఔట్" అంటే మళ్ళీ తిట్టవుతుంది, చూసుకోండి. అది భయమనుకుంటే "దిస్ ఈజ్ అవర్ స్టాప్" అని ఊరుకోండి, వాళ్ళే దిగుతారు.

రాతలో "గెట్" తగ్గించండి. మాటల్లో అది ఉప్పు లాంటిది, మెయిల్‌లో కాస్త చనువు ఎక్కువైనట్టు ఉంటుంది. "వి గాట్ యువర్ మనీ" అని గెస్టుకి మెయిల్ పెడితే అడ్వాన్సు అందినట్టుండదు, కాజేసినట్టుంటుంది. "వి హ్యావ్ రిసీవ్డ్ యువర్ పేమెంట్" అని రాయండి.

"గాటెన్" మాటే. అమెరికా వాళ్ళది. వాళ్ళకి "గెట్, గాట్, గాటెన్". బ్రిటన్‌లో ఆ మూడో రూపం చాలావరకు వాడుక తప్పి "గాట్" మిగిలింది. అయినా అక్రమంగా సంపాదించిన సొమ్ముకి "ఇల్ గాటెన్" అనే మాటలో అక్కడ కూడా బతికే ఉంది. "ఇట్ హ్యాజ్ గాటెన్ లేట్" అంటే పొద్దుపోయింది. అమెరికా వాళ్ళు రెండూ వాడతారు, తేడాతో: "ఐ హ్యావ్ గాట్ ఎ టికెట్" అంటే టికెట్ నా దగ్గరుంది, "ఐ హ్యావ్ గాటెన్ ఎ టికెట్" అంటే సంపాదించాను. మీరు వాడనక్కర్లేదు. మన పరీక్షల్లో రాస్తే తప్పు కొట్టే మాస్టార్లు ఇంకా ఉన్నారు. గెస్టు అంటే మాత్రం తడుముకోకండి, "గాట్" అనే అనుకుని జవాబు చెప్పండి.

మీ మేనేజరుతో "గెట్ డౌన్" మీద పంతం వద్దు. ఆర్టీసీ బస్టాండులో ఆయనదే గెలుపు, మీ లాబీలో ఆ గెస్టుది.